ఓదెలు క్లారినెట్ల కీచు

ఇంకెంతసేపు ఒళ్లె వెట్టుకోని కూసుంటవే దుర్గా, ఇటియ్యి. నీ ఒళ్లె ఉంటే దాని రోగం నాకెట్ల దెలుస్తది? అబ్బో, మక్మల్ సంచి. నువ్వే కుట్టినవా? కుట్టే ఉంటవ్ తియ్యి, అంచుకు జరీ గూడ ఏసినవ్. నా ఇంట్ల ఉన్నన్ని దినాలు దీన్ని నా పాత చీర పేలికల సుట్టి పెడుతుంటి. గప్పుడు దీనికి ఏ రోగం లేకుండె.

కూసో, గా పీట మీద కూసో. కింద కూసుంటనంటవేంది, నిన్ను నేలకు కూసోవెట్టిన్నని వాడకట్టంత అనుకోవాల్నా? నీళ్లు కావాల్నంటె అగో, కుండల ఉన్నయి, ముంచుకోని తాగు. నేను దెచ్చియ్య. దెచ్చియ్యడానికి నువ్వేమన్న నా ఆడిబిడ్డవా?

తొంబై రెండుల మొదలాయె. నా మొగడు నాలుగు దినాలు నీ ఇంట్ల, మూడు దినాలు నా ఇంట్ల. ఆడ మచ్చబొల్లారంల నీ కుట్టుమిషిని పక్కన ఆయన కూసోని చాయ తాగుతుంటడని, ఈడ మేడ్చల్ల నేను గోడకు ఒరిగి లెక్కవెట్టుకుంట కూసుంటుంటి. పదకొండేండ్లు నువ్వు నా గడప తొక్కలే, నేను నీ గడప తొక్కలే. ఆయన పోయిన దినం గూడ నువ్వు రోడ్డు అవుతల, పంచరు షాపు కాడ నిలవడి సూసి పోయినవ్. నేను సూడలేదనుకున్నవా? ఏడుసుకుంటనే సూసిన. పచ్చ చీర కట్టినవ్.

సరే, పని మీద వచ్చినవ్, పని సూద్దాం. జనార్ధన్ పంపిండంటివి. బ్యాండు పెద్ద మాట, నేను కాదంటె బాగుండదు. ఐతారం నాడు ఆయన సంవత్సరీకం. బ్యాండు మనిషి పోయిన యాడాదికి, ఆయన బాజా, అంటె గీ క్లారినెట్, ఆయన వాకిట్ల ఒక్కపారి మోగాలె, తర్వాతనే దాన్ని ఇంకొకలు ముట్టాలె. గది మన బ్యాండు రివాజు. గా రివాజు కోసమే గద నువ్వు దీన్ని అటక మీదికెల్లి దించి సికింద్రాబాదుకు తీస్కపోయినవ్. మీటలకు కొత్త పాలిషు, బెజ్జాలకు కొత్త తోలు బిళ్లలు, కొత్త స్ప్రింగులు. మస్తు మెరుస్తాంది. పెండ్లికొడుకు లెక్క తయారు జేసిండ్రు.

మరి ఏం ఫాయిదా? జనార్ధన్ మూతికి వెట్టి ఊదంగనే కీచుమన్నదంట గద. అచ్చం ఓదెలు చేతుల ఎట్ల అరుస్తుండెనో అట్లనే అరిసిందంట. షాపోడు నాలుగు పార్లు విప్పిండంట, నాలుగు పార్లు బిగించిండంట, ఏం లేదమ్మా అంత మంచిగుందని చేతులెత్తిండంట. ఇగ అప్పుడు యాదికొచ్చిన్నా నేను? ‘సత్తక్క చెయ్యి వడితే దప్ప గాదు’ అన్నడా జనార్ధన్? అననియ్యి. అన్నదాంట్ల తప్పు లేదు.

సూసినవా, ఓదెలు అని పేరు వలికిన. ఇరవై ఐదేండ్ల కాపురంల ఒక్కపారి గూడ వలకలే. బియ్యం కార్డు రాసెటోడు మొగని పేరేందమ్మా అంటె పక్కింటామెతోని జెప్పించిన. నువ్వేమో ‘ఓదెలూ’ అని పేరు వెట్టి పిలుస్తుంటివంట. ఆయన్నే జెప్పిండు, నవ్వుకుంట జెప్పిండు. గా దినం అన్నం సల్లారిపోయింది, నేను తినలే.

ఇటియ్యి జర. వెల్తురుకు పట్టనియ్యి.

గీ నల్ల కర్ర మీద సన్నటి గీత సూడు, పైకెల్లి నడుమ దాక. కనవడ్తాందా? పాలిషోనికి గూడ పోలే గది. బొల్లారంల మిలిటరీ బ్యాండుల నౌకరి జేసి దిగిన ముసలాయన తాన ఆయన దీన్ని దెచ్చినప్పుడు, గీ గీత ఏలంత వెడల్పు పగులు. ఊదితే ఇటు కెల్లి గాలి, అటు కెల్లి గాలి. బ్యాండోల్లంత నవ్విండ్రు, పొయ్యిల వెట్టరాదుర ఓదెలూ అన్నరు. పగులు మూసింది ఎవలనుకున్నవ్?

నాకు లక్క పని వచ్చు. చిన్నప్పుడు షామీర్‌పేటల అవుసలాయన ఇంటికి పనికి వోతుంటి. బంగారు గుండ్లు లోపట బోలుగ ఉంటయి గద, నొక్కుకపోకుండ లక్క కరిగించి వోస్తరు. గా వోసుడు నా పని. ఒక్క సుక్క ఎక్కువైతే గుండు పగులుతది, తక్కువైతే సొట్టవడ్తది. గా చేతులతోని గీ పగుల్ల లక్క వోసిన, మేకతోలు సన్నగ గీకి బిళ్లలు కత్తిరించిన, బిళ్లబిళ్లకు లక్క వెట్టి మీటలకు అతికిచ్చిన. మొదటిపారి ఆయన ఊదితే, గా సప్పుడుకు మా పక్కింటోల్ల బర్రె తల దిప్పి సూసింది. ఆయన నన్ను సూసిండు. గట్ల మల్ల ఎన్నడు సూడలే.

నువ్వు ఆయనకు కోటు కుట్టినవ్. ఎర్ర కోటు, బుజాల మీద బంగారు కుచ్చులు. గా బ్యాండు కోట్ల కొలతలు తీసేటప్పుడే గద మీ ఇద్దరి కత మొదలైంది. ఛాతి కొలత రెండు పార్లు తీసినవంట. కోటు పైన ఉంటది దుర్గా. నేను లోపట గొంతు అతికిన.

తలకాయ వంచుకోకు, నేనేం కొట్లాడ్తలేను. పని జేస్కుంటనే మాట్లాడ్తున్న.

బాజాల పాడు సప్పుడు వచ్చిందంటె ఒక్క తీరుగ రాదు. గుడగుడ అన్నదనుకో, ఉమ్మినీళ్లు బెజ్జంల చేరినయి, పేలిక దూర్చి తుడిస్తె పోతది. టిక్కు టిక్కు అన్నదనుకో, మీట కింద బెండు ముక్క రాలిపోయింది. జిర్రుమన్నదనుకో, ఏదో మర సడలింది. గివన్ని రోగాలే గావు, జలుబు లెక్క. నీ షాపోడు గివి మంచిగ సూసిండు, నేను కాదన. మరలు బిగువుగున్నయి, బెండ్లు కొత్తగున్నయి.

కీచు గట్ల గాదు. పాట నడుస్తనే ఉంటది, నడుమ స్వరం ఒక్కపారే పైకి దుంకి అరుస్తది. గది మూతి కాడ ఉండే పల్సటి రీడు పాడైతే రావచ్చు, ఊదెటోని పెదవి జారితే రావచ్చు, ఏడనో ఎంటికంత సందుల కెల్లి గాలి పోతే రావచ్చు. ఊపిరి సాలకపోయినా వస్తదంటరు.

ఊపిరి. గా మాట కోసమే నేను దీన్ని ముట్టుకుంటున్న, లేకుంటె నీ చేతుల మీదికెల్లి నీళ్లు గూడ తీస్కోకపోతుంటి.

రావల్కోల్ పెండ్లికి నువ్వు రాలే గద, నేను గూడ పోలే. తొంబై తొమ్మిదిల, మే నెల, పట్టపగలు లగ్గం. పటేలు బిడ్డ పెండ్లి. జీలకర్ర బెల్లం వెట్టే టైముకు బ్యాండంత ఆగాలె, ఆయన ఒక్కడు ఊదాలె. గంత పేరు ఉండె ఆయనకు. ఊదిండు. పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టంగనే కీచుమన్నది. మల్ల ఊదిండు, మల్ల కీచుమన్నది. పిల్ల నాయినమ్మ చెవులు మూసుకోని అపశకునం అన్నదంట. పటేలు చెయ్యెత్తి ఆపుమన్నడంట. బండెడు మంది ముంగట.

తెల్లారి జనార్ధన్ ఆయన చేతుల గిలకలు వెట్టిండు. తప్పు జనార్ధన్‌ది గాదు, ఆయనకు బ్యాండు నడవాలె గద. మూతికి బాజా పట్టిన మనిషి, బరాత్ ముంగట గిలకలు ఊపుకుంట నడిసిండు. నాలుగేండ్లు. మేడ్చల్ మొత్తం ఒక్కటే మాట, ‘ఓదెలుకు ఊపిరి అయిపోయింది’. సంతల కూరగాయలమ్మేది గూడ నన్నడిగింది, మీ ఆయనకు దమ్మా అని.

ఐతారం నాడు అందరొస్తరు. పటేలు గూడ వస్తనన్నడంట. అందుకే నాకు తెల్వాలె. గది బాజా రోగమా, ఆయన రోగమా.

పట్టు, ఊది సూస్త. నాకు పాట రాదు, పరీక్షకు నాలుగు స్వరాలు వస్తయి, గంతే. ఆగు. గీ మూతి మీద ఎవలెవలు ఊదిండ్రు? షాపోడు, జనార్ధన్. నువ్వు? నిజం జెప్పు, నువ్వు గూడ ఊదినవా? ఒక్కదానివే కూసోని? ఊదే ఉంటవ్. లే, కుండల నీళ్లు ముంచి కడిగి తే. ఇంక కడుగు. ఆయన ఎంగిలి నేను ఇరవై ఐదేండ్లు తిన్న, నీ ఎంగిలి నేను తిన.

తే. ఇగ విను.

విన్నవా? కింద మంచిగున్నది. మూడు, నాలుగు, మంచిగనే పోతాంది. అగో. విన్నవా అరుపు? మల్ల ఊదుత. అగో మల్ల.

చెవులు మూసుకోకే, నీకు అలవాటే గద గీ సప్పుడు. నాకు లేదు. నా ఇంట్ల ఎన్నడు గిట్ల అరవలే. నీ ఇంటికి పోయినంకనే నేర్సింది గీ అరుపు. గందుకే అంటున్న.

రీడు కొత్తది, పగులు లేదు. ఇగ గాలి ఏడనో పోతాంది. దీనికి నా తాన ఒక ఉపాయం ఉన్నది, షాపోనికి తెల్వది. గా గూట్ల అగ్గిపెట్టె ఉన్నది, అందుకో. సుట్ట నా కొంగున ఉన్నది. ముక్కు మూసుకుంటవేంది? ఆయన నీ ఇంట్ల బీడీ తాగకపోవునా?

బాజా పై సగం విప్పిన సూడు. అడుగుకు పేలిక కుక్కిన. ఇగ బెజ్జాలన్ని మూసి, పైకెల్లి సుట్ట పొగ ఊదాలె. సందు ఏడున్నదో పొగనే జెప్తది. రా, దగ్గర జరుగు. నాకు రెండు చేతులు సాల్తలెవ్వు. గీ మూడు బెజ్జాల మీద నీ ఏండ్లు వెట్టు. గట్టిగ వెట్టు, సూది వట్టిన ఏండ్లు గద, బలముంటయి. నా చెయ్యికి తాకకుండ వెట్టు.

కదలకు. ఊదుతున్న.

ఆ.

సూసినవా? అంచుల కెల్లి గాదు. ముంగట కెల్లి గాదు. బొటనేలు కాడ ఎనుక సన్న మీట ఉన్నది సూడు, దాని బిళ్ల కెల్లి వస్తాంది. సన్నగ, దారం లెక్క. ఒకటి గాదే. రెండు. మూడు పోగులు.

తియ్యి ఏండ్లు.

షాపోడు అన్ని బిళ్లలు మార్చిండు, గీ ఒక్కటి మార్చలే. సన్నది, ఎనుక ఉంటది, సూస్తె మంచిగనే కనవడ్తది, ఎందుకులే అనుకున్నడు. గిది నా తోలే. నా మేకతోలు, నా కత్తెర, తొంబై తొమ్మిదిల రావల్కోల్ ముంగట నేను అతికిచ్చిందే. అతికిచ్చి ఇస్తె, ఆయన ఒక్క రాత్రి నీ ఇంట్ల ఉండి లగ్గానికి పోయిండు. ఆ పెండ్లి తర్వాత ఆయన దీన్ని నా చేతికియ్యలే గద, సక్కగ నీ అటక మీద వడేసిండు. అంటె గా దినం ఎట్లుండెనో గట్లనే ఉన్నది.

ఎండకు పట్టి సూడు. నా కండ్లకు జర మసక, నీ కండ్లు మంచియి. ఏం కనవడ్తాంది? జెప్పు. ఏం లేదా? నీ మొకం గట్లెందుకైంది మరి?

నాకే కనవడ్తాంది. మూడు సుక్కలు. ఒక్క వరుసల, ఒక్క తీరు సందు ఇడిసి. పురుగు కొడితే గిట్ల వరుసగ కొడ్తదా? ఎలుక కొరికితే గింత సన్నగ కొరుకుతదా? గిది కుట్టు. సూది కుట్టు. మచ్చబొల్లారంల జాకెట్లు కుట్టే చెయ్యి.

ఏడువకు. నేను అడుగుతలేను. నువ్వు జెప్పకున్నా నాకెరుకే ఎందుకు పొడిసినవో.

ఆయన నీ తాన నాలుగు దినాలుంటుండె. కానీ బాజాల ఏ చిన్న సప్పుడు వచ్చినా, అన్నం ముంగట కెల్లి లేసి మేడ్చల్ బస్సెక్కుతుండె. నా తానకు. నీకు ఒళ్లు మండుతుండె. పొడవంగ పొడవంగ, నేను బాగు జేసి పంపిన బాజా మల్ల రెండో దినమే అరుస్తె, ‘సత్తమ్మ చెయ్యి పాతవడ్డది, సికింద్రాబాదు షాపుకు పోదాం పా’ అందామనుకున్నవ్. అన్నవ్ గద? అనే ఉంటవ్. ఆయన ఏమన్నడు?

జెప్పు, నాకు వినాలని ఉన్నది. ఏమన్నడు?

‘ఆమె చెయ్యి తప్పు వోదు.’ గట్లన్నడా? అవే మాటలా? మల్లొక్కపారి జెప్పు.

ఎన్నిపార్లు అన్నడు?

జర ఆగు, సుట్ట పొగ కండ్లల్ల వడ్డది.

చూడు దుర్గా, పదకొండేండ్లల గింత సంబురం నాకు ఎన్నడు కాలే. నీ మొకం మీద నవ్వాలనిపిస్తాంది. నీకు కోటు కొలతలిచ్చిండు, పేరు వెట్టి పిలిసే హక్కిచ్చిండు, వారంల నాలుగు దినాలిచ్చిండు. గీ బాజా మాత్రం నువ్వన్న షాపుకు ఇయ్యలే. సచ్చేదాక ఇయ్యలే.

కానీ ఇగ సోచాయించు. నా చెయ్యి తప్పనలే. నీ ఇల్లు తప్పనలే. బాజాను పదిపార్లు బాగు జేసినంక బాజా తప్పు గూడ అనలే. మరి తప్పు ఎవలిది? ఇగ మిగిలింది ఆయనే గద. రావల్కోల్ కెల్లి వచ్చి గీ పీట మీదనే కూసోని, ‘నాకు ఊపిరి అయిపోయింది సత్తీ’ అన్నడు. నేను లేసి అన్నం వడ్డించిన. దవాఖానకు పోయి ఛాతి ఫోటో దీపిచ్చుకున్నడు. డాక్టరు, నీ ఊపిరితిత్తులు ఇరవయ్యేండ్ల పోరనియి లెక్క ఉన్నయి పో అన్నడు. గా నల్ల ఫోటోను సూరీనికి పట్టి, ఈనికేం దెలుసు అన్నడు ఆయన. గిలకలు ఊపుకుంట, దినాం పొద్దుగాల లేసి దీపం ఊది ఆర్పి సూసుకునేటోడు, ఎంత దూరం కెల్లి ఆరుతాందని. నీ ఇంట్ల గూడ సూసుకునేటోడా? నాకు దెలుసు, అడగాల్సిన పని లేదు.

లారీ గుద్ది పోయిన మనిషి. మంచంల వడి దగ్గలే, ఆయాసవడలే. ఊపిరి నిండుగ ఉండంగనే పోయిండు, కానీ లేదనుకోని పోయిండు.

నీ సూదితోని జేసినవ్ గీ పని. నన్ను గెలుద్దామని.

ఎటు లేస్తున్నవ్? కూసో. ఇంక అయిపోలే. నిన్ను పంపిస్త గని, గీ బిళ్ల ముంగట తీసినంక.

గా పిన్నీసు అందుకో. మీట కింద దూర్చి లేపాలె. లక్కతోని అతికిస్తె అంత జల్దీ రాదు, దీపం సెగ సూపాలె. సూడు, ఎట్ల వస్తాందో. వచ్చింది. సెగ లేదు, బలం లేదు, పిన్నీసు మొనకే వచ్చేసింది.

దీని ఎనుక సూడు. లక్క ఏ రంగుంటది? నల్లగ, ఎర్రగ ఉంటది గద. గిది ఏ రంగున్నది? ముట్టుకో. గోరుతోని గీకు. మెత్తగున్నది గద.

మైనం దుర్గా. తేనెపట్టు మైనం.

లక్క ఎండకు కరగది. మైనం కరుగుతది. ఎండాకాలం బరాత్‌ల నిలవడితే రెండు దినాలకు బిళ్ల జారుతది, వానాకాలమైతే ఐదు దినాలు వడ్తది. జారితే గాలి బుస్సుమని పోతది, స్వరం మసకవడ్తది. గప్పుడు బాజా తీస్కోని ఎవలి తానకు రావాలె? ఇంకెవలకు వస్తది గీ పని?

మొదటిపారి లక్క అయిపోయి మైనం వెట్టిన. ఒట్టు, కావాలని గాదు. మూడో దినం నీ ఇంట్ల ఉండాల్సిన మనిషి నా వాకిట్ల నిలవడ్డడు. నేను బిళ్ల అతికిచ్చేదాక నా పక్కన కూసున్నడు. చాయ తాగిండు, ఆ యాల్ల ఇంట్లనే ఉన్నడు. రెండోపారి డబ్బల లక్క నిండుగున్నది, అయినా మైనమే వెట్టిన. ఇగ అలవాటైపోయింది. నువ్వు పండుగకు ఆయనకు కొత్త అంగి కుట్టినవని తెలిస్తె, ఆ వారం మైనం. నువ్వు ఆయన్ని అల్వాల్ల సిన్మకు తీస్కపోయినవని తెలిస్తె, ఆ వారం మైనం. ఏడేండ్లు.

వారం మల్లి తిరిగొస్తె, పాత బిళ్లను సూడకుండనే పీకి పారేస్తుంటి. నా మైనమే గద జారిందనుకున్న. నీ సూది బెజ్జాలు ఎన్ని పారేసిన్నో నాకే తెల్వది. నేను దాసుకున్న దొంగతనం నీ దొంగతనాన్ని దాసింది.

నా ఇంట్ల దీనికి ఏ రోగం లేకుండె అన్న గద ఇందాక. అబద్ధం.

రావల్కోల్ ముంగట గూడ గదే జేసిన. లగ్గం అయినంక ఆయన మల్ల నీ తానకే పోతనన్నడు, ఇంకో రెండు దినాలుంటనన్నడు. పోనియ్యొద్దనుకున్న. లగ్గం పట్టపగలని, ఎండల ఊదుతడని, గంత మంది ముంగట ఊదుతడని నాకు సోయి లేకపాయె. సోయి ఉండె. ఉన్నది కానీ మైనం చేతుల ఉన్నది.

ఎవలిది ముందుగాల కీచుమన్నదంటవ్, నీ సూదిదా నా మైనందా? నువ్వు నీదంటున్నవా? తలకాయ ఊపకు. నీదైతే ఎట్లయితది, మూడు బెజ్జాల సన్న గాలికి గంత అరుపు రాదు. నాదే. ఎండకు బిళ్ల వొరిగింది, గప్పుడు అరిసింది. నాకు తెలుసు, గా పని నాది.

ఇగ ఐతారం సంగతి విను.

నేను గిప్పుడు లక్క వెట్టి అతికిచ్చిన్ననుకో, జనార్ధన్ మంచిగ ఊదుతడు. వాకిట్ల అందరు తలలూపుతరు. ఊపి ఏమంటరు? ‘బాజా మంచిదేనుల్లా, పాపం ఓదెలు తాన్నే ఊపిరి లేకుండె’ అంటరు. గది ఆయన సంవత్సరీకమా, రెండో సావా?

అందుకే గీ బిళ్లను ఎట్లున్నదాన్ని గట్లనే మల్ల వెడ్తున్న. అగో, మైనంతోనే, మూడు బెజ్జాలతోనే. ఐతారం నాడు జనార్ధన్ ఊదాలె. నిండు ఊపిరున్నోడు, ముప్పై ఏండ్ల కెల్లి ఊదుతున్నోడు ఊదాలె, గది అరవాలె. పటేలు వినాలె. గప్పుడు నేను లేసి నిలవడ్త. అందరి ముంగట పిన్నీసుతోని గీ బిళ్ల పీకుత, మైనం సూపిస్త. కొత్త తోలు, లక్క, నా సామానంత వాకిట్లనే వెట్టుకుంట. అతికిచ్చి మల్ల ఊదుమంట. మంచిగ మోగినంక జెప్త, ఓదెలుకు ఊపిరి అయిపోలే, గీ సత్తమ్మ ఆపిందని.

ఊంచుతరు నా మొకాన. ఊంచనియ్యి. ఈ ఊర్ల నేను మల్ల తలెత్తుకోని సంతకు పోను. నాకు సంతల ఏం పని?

నువ్వు గూడ రా. రోడ్డు అవుతల పంచరు షాపు కాడ గాదు, వాకిట్లకు రా. కానీ ముంగట నిలవడకు. ఆడోల్ల ఎనుక నిలవడు. ఆ పచ్చ చీర కట్టుకోని రాకు.

ఏందీ, నువ్వు గూడ జెప్తవా? నాతోని నిలవడి, సూదితోని నేను పొడిసిన్నని జెప్తవా?

నోరు ముయ్యి. గీ బెజ్జాలు ఎండకు పట్టి సూస్తె దప్ప ఎవలకు కనవడయి, నేను పట్టనియ్య. పీకంగనే బిళ్ల పొయ్యిల ఏస్త. నీ మీద దయ వచ్చి గాదు, గట్లనుకోని మురువకు. రేపు ఊరోల్లు ఏమంటరు, ఓదెలు పెండ్లాలిద్దరు గల్సి ఆయన్ని జెడగొట్టిండ్రంటరు. ఇద్దరు గల్సి. గా మాట నేను పడ. వారంల నాలుగు దినాలు తీస్కున్నవ్, పేరు తీస్కున్నవ్. గీ పాపంల గూడ నీకు పాలు కావాల్నా?

ఇగ లే, నీ బస్సు యాల్లైంది. మక్మల్ సంచి తీస్కపో, నా చీర పేలిక ఉన్నది, దాంట్లనే సుడుత. గడప కాడ జర సూసుకోని దిగు, ఎత్తుంటది.

ఆయన్ని ఆపింది నేను. నేనొక్కదాన్నే. గదన్న నాకు ఉండనియ్యి.